త్రీ నాట్ త్రీ బోల్ట్ ముందుకు తోస్తుంటేనే బిగుస్తోంది, పాడైనట్టా?

ఎన్‌సీసీ అమ్మాయి:
డిగ్రీ రెండో సంవత్సరం. డ్రిల్‌కి మాకు పాత డీపీ (డ్రిల్ పర్పస్, కవాతుకి మాత్రమే వాడే) రైఫిళ్లు ఇస్తారు, అన్నీ త్రీ నాట్ త్రీలే. నాకిచ్చినదాని బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) పైకి లేపడం, వెనక్కి లాగడం సులువే. ముందుకు తోస్తే మాత్రం చివర్లో గట్టిగా అడ్డం తగులుతోంది, అరచేత్తో నెట్టాల్సి వస్తోంది. మా స్క్వాడ్‌లో అది పాడైందంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
తుప్పేమో, నూనె వేసి చూడండి.

పాత ఆర్మరర్:
తుప్పు కాదమ్మా, దాని తయారీయే అంత. పోలీసు ఆయుధాగారంలో చాలా ఏళ్లు వీటితోనే గడిపాను. జర్మన్ రైఫిల్ మౌజర్ 98లో బోల్ట్ లేపుతున్నప్పుడే తూటాను పేల్చే పిన్ను స్ప్రింగు బిగుస్తుంది. లీ ఎన్‌ఫీల్డ్‌లో, అంటే మీ త్రీ నాట్ త్రీలో, ముందుకు తోస్తే బిగుస్తుంది. ఈసారి బోల్ట్ వెనక ఉండే కాకింగ్ పీస్‌ని చూడు. బోల్ట్ ముందుకెళ్తుంది, అది మాత్రం సియర్‌కి (ట్రిగ్గర్ నొక్కేదాకా దాన్ని ఆపి ఉంచే కొక్కేనికి) తగిలి ఆగిపోతుంది. నీ చేతికి తగిలే బరువు ఆ స్ప్రింగుదే.

దీనివల్ల మేలే జరిగింది. కాల్చాక వేడెక్కి పట్టేసిన ఖోకాను (ఖాళీ తూటా గొట్టాన్ని) బయటికి లాగడానికే చేతి బలమంతా మిగులుతుంది. బోల్ట్ పిడి 60 డిగ్రీలు లేపితే చాలు, మౌజర్‌కి 90 కావాలి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే బ్రిటిష్ సిపాయిలకు 300 గజాల దూరంలో నిమిషానికి 15 రౌండ్లు గురిచూసి కొట్టే పరీక్ష ఉండేది. ఈ బోల్ట్‌తో అది సాధ్యమే, నేను కళ్లారా చూశాను.

ఒకటి మాత్రం మరవకు. బోల్ట్ పిడి మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటే ఉండాలి. తుడిచేటప్పుడు పది బోల్టులు ఒకే గుడ్డ మీద కలిపేయొద్దు. ఖాళీ అని తెలిసినా ముందు చాంబర్ (తూటా కూర్చునే గది) చూడాలి.

ఎన్‌సీసీ అమ్మాయి:
థాంక్యూ సార్! ఇంకో డౌట్. తూటా అడుగున అంచు బయటికి ఉంటుంది కదా, మ్యాగజైన్‌లో ఒకదానికొకటి తగులుకోవా?

పాత ఆర్మరర్:
తగులుకుంటాయమ్మా, నాకే జరిగింది. రిక్రూట్‌గా ఉన్నప్పుడు క్లిప్పు లేకుండా చేత్తో ఐదు రౌండ్లు నింపాను. మూడోదానికి బోల్ట్ కదల్లేదు. పైతూటా అంచు కిందిదాని అంచుకు వెనక పడింది. నేను ఎంత తోస్తే అంత బిగుసుకుంది. పక్కవాళ్ల ఫైరింగ్ అయిపోయినా నేనింకా అక్కడే, చేతులు వణుకుతూ. పైదాని అంచు ఎప్పుడూ కిందిదానికి ముందుండాలి. పది రౌండ్ల మ్యాగజైన్‌కి ఐదేసి తూటాల క్లిప్పులు రెండు. క్లిప్పులో సరిగ్గా అమరిస్తే ఆ చిక్కు రాదు.

దక్కన్ బాబాయ్:
7.62 తూటాతో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ1 రైఫిల్‌కి ఈ గొడవే లేదు, ఆ తూటాకి బయటి అంచు ఉండదు. మ్యాగజైన్ కూడా 12 రౌండ్లది.

ఎన్‌సీసీ అమ్మాయి:
సార్, ఇవాళ చూశాను, నంబర్లు రెండూ ఒకటే! కుడిపక్క కిరీటం, దాని కింద జీ ఆర్ ఐ, ఇషాపూర్, 1942, మూడు గీతల పక్కన నక్షత్రం ఉన్నాయి.

పాత ఆర్మరర్:
ఆరో జార్జ్ కాలంది, రాజూ చక్రవర్తీ ఆయనే అని ఆ మూడక్షరాలకు అర్థం. నక్షత్రం అంటే మార్క్ 3 స్టార్. మొదటి ప్రపంచయుద్ధంలో త్వరగా తయారు కావాలని 1916లో కొన్ని భాగాలు తీసేసిన రకం. నూనె పలచగా రాయి, చాలు.