మా బయర్ ఏజెంటు అమ్మేవారితో మరీ మర్యాదగా మాట్లాడుతున్నారు: ఇది మాకు నష్టమా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్)

ఫ్రిస్కోలో ఒక పాత ఇల్లు కొనడానికి ఒప్పందం చేసుకుని, ప్రస్తుతం ఆప్షన్ పీరియడ్‌లో (కొంత ఫీజు కట్టి, కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు ఉంచుకున్న గడువులో) ఉన్నాము. ఇన్‌స్పెక్షన్‌లో పైకప్పు మీద వడగళ్ల దెబ్బలు కనిపించాయి, మేడమీది ఏసీ యూనిట్ చివరి దశలో ఉందని తేలింది. ఇవి కాక చిన్నాచితకా లోపాలు కొన్ని పేజీల నిండా ఉన్నాయి. మా ఏజెంటు అమ్మేవారి తరఫు ఏజెంటుకు రాసిన మెయిల్ మాకూ కాపీ పెట్టారు. ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నందుకు అమ్మేవారికి ముందుగా కృతజ్ఞతలు చెప్పి, ఆ తర్వాత పైకప్పు, ఏసీల గురించి మాత్రమే ఆమె రాశారు.

అది చదివిన మా బావగారు, మన తరఫున పని చేస్తూ వాళ్లను పొగడటమేమిటని, రిపోర్టులో ఉన్నవన్నీ చేయించాలని, లేకపోతే రద్దు చేసుకుంటామని గట్టిగా రాయించమని అంటున్నారు. అమ్మేవారు కూడా తెలుగువారే కనుక, తెలిసినవారి చేత నేరుగా మాట్లాడిద్దామన్నది ఆయన రెండో సలహా. మర్యాద వల్ల బేరం నిజంగా బలహీనపడుతుందా? ఏజెంటు మా పక్షానే ఉన్నారని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం 1 (టెక్సాస్ లైసెన్సు ఉన్న ఏజెంటు)

మొదటి పరిచయంలోనే మీ ఏజెంటు మీకు టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి సమాచార పత్రం ఒకటి ఇచ్చి ఉంటారు, దాన్ని మళ్లీ ఒకసారి చదవండి. క్లయింటు ప్రయోజనాన్ని తన సొంత ప్రయోజనం కన్నా పైన ఉంచాలని ఏ జాబితాలో ఉందో, లావాదేవీలోని అన్ని పక్షాలతోనూ నిజాయితీగా, న్యాయంగా వ్యవహరించాలని కూడా అదే జాబితాలో ఉంది. రియల్టర్ల జాతీయ సంఘం 1913లో స్వీకరించిన నియమావళి మొదటి అధికరణం నేటికీ చెబుతున్నది ఇదే: క్లయింటు పట్ల బాధ్యత ప్రధానమే అయినా, అందరితో నిజాయితీగా ఉండవలసిన బాధ్యత దానితో తీరిపోదు. కాబట్టి మీ ఏజెంటు అవతలివారికి దయ చూపడం లేదు, తన ఉద్యోగ ధర్మం నిర్వర్తిస్తున్నారు.

గట్టిదనం ఎక్కడ ఉందంటారా, ఆప్షన్ పీరియడ్‌లో ఉంది. చివరి రోజు సాయంత్రం 5 గంటలలోపు నోటీసు ఇస్తే, కారణం చెప్పకుండానే మీరు రద్దు చేసుకోవచ్చు, ఎర్నెస్ట్ మనీ (ఒప్పందం సమయంలో కట్టిన బయానా) తిరిగి వస్తుంది, ఆప్షన్ ఫీజు మాత్రం పోతుంది. ఈ సంగతి అవతలి ఏజెంటుకు బాగా తెలుసు కనుక, దాన్ని బెదిరింపుగా రాయవలసిన అవసరమే లేదు. అయితే మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు. ఒప్పందంలో మార్పులు రాసే సవరణ పత్రం మీద రెండు పక్షాల సంతకాలూ పడాలి, లేదా గడువు పొడిగింపు మీదైనా పడాలి.

తెలిసినవారి చేత మాట్లాడించడం మాత్రం దయచేసి మానుకోండి. మీరూ అమ్మేవారూ నేరుగా మాట్లాడుకోకూడదనే నిషేధం ఏమీ లేదు, కానీ నోటిమాటగా ఇచ్చిన హామీ క్లోజింగ్ రోజున (ఇల్లు చేతులు మారే రోజున) చెల్లదు. పైగా మీరు ఎంతవరకు దిగివస్తారో ఆ మధ్యవర్తి తెలియక చెప్పేస్తే, మీ ఏజెంటు అంతవరకు కాపాడుకొచ్చిన రహస్యం పోతుంది.

సమాధానం 2 (ప్లానోలో ఇల్లు అమ్మినవారు)

అటువైపు కూర్చుని చూసిన అనుభవంతో చెబుతున్నాను. మా ఇంటిని మొదట కొనబోయినవారి ఏజెంటు పంపిన జాబితాలో వదులైన తలుపు పిడి, మార్చని ఏసీ ఫిల్టరు, గరాజ్ గోడ మీద పెయింటు గీతలు, పైకప్పు లీకు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. పైగా మేము లోపాలు దాచిపెట్టామన్న ఆరోపణ ఒకటి. ఆ జాబితాలో న్యాయమైన కోరిక లీకు ఒక్కటే అయినా, దాచిపెట్టామన్న ఆ ఒక్క మాట వల్ల మా ఆవిడ మొత్తం తిరస్కరించమన్నారు, నేనూ కాదనలేదు. తర్వాత వచ్చినవారి ఏజెంటు అదే లీకు ఫొటోలను, రూఫింగ్ కంపెనీ ఇచ్చిన అంచనాను జతచేసి, మరమ్మతు చేయిస్తారా, లేక క్లోజింగులో ఆ మేరకు తగ్గిస్తారా, మీ వీలు చెప్పండని అడిగారు. పూర్తి మొత్తం తగ్గించాము.

సమాధానం 3 (డల్లాస్)

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట కలపాలి. మర్యాద వేరు, మెతకదనం వేరు, లోపాయికారీతనం ఇంకా వేరు. అమ్మకపు ధరలను బహిరంగంగా నమోదు చేయవలసిన అవసరం టెక్సాస్‌లో లేదు కనుక, చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు పోయాయో తెలుసుకోవడానికి మనం చాలావరకు ఏజెంటు చూపే అంకెల మీదే ఆధారపడతాము. అదే ఏజెంటుకు ప్రతిఫలం ధరలో శాతంగా వస్తుంది, అది కూడా బేరం కుదిరితేనే వస్తుంది. అందువల్ల బావగారి అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. 2024 ఆగస్టు 17 తర్వాత, ఇల్లు చూపించే ముందే ప్రతిఫలం ఎంతో స్పష్టంగా రాసుకున్న ఒప్పందం ఉండాలన్న నియమం వచ్చింది. శాతానికి బదులు నిర్ణీత మొత్తం అడిగే స్వేచ్ఛ కూడా మనకు ఉంది.

మెయిల్‌లో కృతజ్ఞతలు ఉన్నాయా లేదా అన్నది కాకుండా, మీ అనుమతి లేకుండా "మావాళ్లు ఇంకాస్త పెంచుతారు" అని ఆమె ఫోన్లో అన్నారా అన్నది అసలు ప్రశ్న. ఆమెనే సూటిగా అడగండి. కాపీ పెట్టే అలవాటున్న ఏజెంటు ఇందుకు నొచ్చుకోరనే నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఆమెను అడిగాము. మా గరిష్ఠ మొత్తం ఎవరికీ చెప్పలేదని, చెప్పే హక్కు తనకు లేదని అన్నారు. ఏసీకి ధర తగ్గించడానికి అమ్మేవారు అంగీకరించారు. పైకప్పు విషయంలో మాత్రం తమ ఇన్సూరెన్సు ద్వారా వేయిస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం 1 రాసినవారు

ఒప్పుకోవచ్చు, అయితే షరతులు సవరణ పత్రంలో రాయించండి: పని క్లోజింగుకు ముందే పూర్తి కావాలి, రూఫింగ్ కంపెనీ పేరు, వాడే షింగిల్ (పైకప్పు మీద పరిచే పలక) రకం, రసీదు, బదిలీ అయ్యే వారంటీ అందులో ఉండాలి. వడగళ్లకు డిడక్టిబుల్ (బీమా కంపెనీ ఇచ్చేది పోను ఇంటి యజమాని పెట్టుకోవలసిన వాటా) చాలా పాలసీలలో ఇంటి బీమా మొత్తంలో ఒకటి రెండు శాతం ఉంటుంది కనుక, అది అమ్మేవారే కట్టాలని కూడా రాయించండి. డిడక్టిబుల్ మాఫీ చేస్తామనే కాంట్రాక్టరును దగ్గరకు రానివ్వకండి, 2019 నుంచి టెక్సాస్ చట్టం దాన్ని అనుమతించదు. ఈలోగా మీ సొంత ఇన్సూరెన్సు ఏజెంటుకు పైకప్పు ఫొటోలు పంపి, ప్రస్తుత స్థితిలో పాలసీ ఇస్తారో లేదో తెలుసుకోండి. ఇవ్వలేమని రాతపూర్వకంగా చెబితే, ఆ కాగితాన్ని మీ ఏజెంటు అవతలివారికి మర్యాదగానే పంపగలరు.