వాక్యూమ్ పైపులో పెట్రోల్ వాసన: రెగ్యులేటర్ మార్చేయాలా, గేజ్ పెట్టాకే తేల్చాలా?

పానా_పట్టు:
ఇంజెక్టర్లకు వెళ్లే పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్ విషయంలో రెండు వాదనలున్నాయి. వాక్యూమ్ పైపు పీకి వాసన చూడు, పెట్రోల్ వాసనొస్తే మార్చెయ్ అనేది ఒకటి. గేజ్ (ప్రెజర్ కొలిచే మీటరు) పెట్టకుండా దాని జోలికే పోవద్దనేది రెండోది. నాది మొదటి పక్షం. రెగ్యులేటర్ లోపలి పలచటి పొర, అదే డయాఫ్రమ్, చిరిగితే రైల్లోని (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) పెట్రోల్ ఆ పైపు గుండా నేరుగా ఇంజిన్‌కి గాలి అందించే మానిఫోల్డ్‌లోకి పోతుంది. నల్ల పొగ, ఐడిల్లో ఊగడం, వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొండికేయడం, మైలేజీ పడిపోవడం... వీటికి తోడు పైపులో వాసన కూడా ఉంటే ఇంకేం రుజువు కావాలి?

గేజ్_మాట:
కాదంటాను. వాసన వేరు, తడి వేరు. ఆ పైపు రెండో కొస ఉండేది ఇంటేక్ మానిఫోల్డ్‌లోనే కదా. ఇంజిన్ ఆగాక అక్కడి పెట్రోల్ ఆవిరి వెనక్కి ఎక్కుతుంది. బాగున్న రెగ్యులేటర్ పైపు కూడా కాస్త వాసనేస్తుంది. పైపు లోపల పెట్రోల్ తడి కనిపించాలి, అప్పుడే డయాఫ్రమ్ పోయినట్టు.

సరిగ్గా చూడాలంటే ఇలా: ఇంజిన్ ఆపండి, చల్లారనివ్వండి. పైపు తీసి, అది తగిలే రెగ్యులేటర్ నిపుల్ కింద తెల్లగుడ్డ పెట్టండి. రిలే దగ్గర వైరు కలిపి పంపు మాత్రమే నడపండి, ఒక నిమిషం చాలు. బొట్టు పడితే డయాఫ్రమ్ పోయినట్టే. పడకపోతే చేతి వాక్యూమ్ పంపు నిపుల్‌కి తగిలించి 20 అంగుళాల పాదరసం దాకా లాగి వదిలేయండి. ముల్లు నిలవకుండా దిగిపోతుంటే డయాఫ్రమ్ పట్టడం లేదన్నమాట.

స్కానర్_సీను:
అన్నలూ, పైపు పీకే ముందు స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది. డయాఫ్రమ్ లీకైతే ఐడిల్లో లాంగ్ టర్మ్ ట్రిమ్ మైనస్ 15, మైనస్ 20 దాకా పోతుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే సున్నా వైపు వస్తుంది. లీకయ్యే పెట్రోల్ దాదాపు అంతే, లోపలికొచ్చే గాలి మాత్రం పెరుగుతుంది కాబట్టి. అలా కాకుండా అన్ని ఆర్‌పీఎంల దగ్గరా మైనస్సే ఉంటే రైల్లో ప్రెజర్ ఎక్కువున్నట్టు అనుమానించాలి. ప్లస్‌లో ఉండి లోడ్ పడేకొద్దీ ఇంకా పెరిగితే ప్రెజర్ తక్కువ. పీ0172 (రిచ్, పెట్రోల్ ఎక్కువ), పీ0171 (లీన్, పెట్రోల్ తక్కువ) కోడ్లు ఈ రెండింటి తాలూకు ఫలితాలే, కారణం చెప్పవు.

ఇంకోటి, ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఐడిల్లో ఇలాగే రిచ్ అవుతుంది. ఆ పైపుని ఓసారి మూసి ట్రిమ్ మారుతుందేమో చూడకుండా రెగ్యులేటర్ మీద పడొద్దు.

పానా_పట్టు:
గేజ్, స్కానర్ రెండూ లేనివాళ్లకి కూడా దారుంది. వేడి మీద స్టార్ట్ కాకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చెయ్యండి. చాలా ఈసీయూలు (ఇంజిన్ కంప్యూటర్లు) అప్పుడు ఇంజెక్షన్ ఆపేస్తాయి. అందుకుంటే పెట్రోల్ ఎక్కువై మునిగినట్టు, అంటే డయాఫ్రమో ఇంజెక్టరో లీకు. అందుకోకపోతే కీ ఆన్ చేసి రెండు సెకన్లాగి ఆఫ్, ఇలా మూడు నాలుగుసార్లు చేసి తిప్పండి. వెంటనే స్టార్టయితే బండి ఆగాక రైల్లో ప్రెజర్ దిగిపోతోందని అర్థం.

గేజ్_మాట:
మంచి పరీక్షలే, కానీ ప్రెజర్ ఎక్కడ దిగిపోతోందో చెప్పవు. పంపులో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పోయినా, రెగ్యులేటర్ సీటు సరిగా మూసుకోకపోయినా, ఇంజెక్టర్ కారినా లక్షణం ఒకటే. రెగ్యులేటర్ మార్చాక కూడా జబ్బు అలాగే ఉందనే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

గేజ్ ఉంటే వరస ఇది. ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి ప్రెజర్ దింపండి, గుడ్డ అడ్డం పెట్టి గేజ్ తగిలించండి, ఫ్యూజు పెట్టండి. రిటర్న్ లైనున్న (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే పైపు) పోర్ట్ ఇంజెక్షన్ (ఇంటేక్ దారిలో పెట్రోల్ చిమ్మే) బండ్లలో ఐడిల్లో సాధారణంగా 2.5 బార్ చుట్టుపక్కల ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్లో చూసుకోండి. వాక్యూమ్ పైపు పీకగానే 0.5 నుంచి 0.7 బార్ పెరగాలి. కదలకపోతే ముందు పైపులో వాక్యూమ్ వస్తోందో లేదో చూడండి, చాలాసార్లు పైపే చిట్లి ఉంటుంది.

ప్రెజర్ తక్కువుంటే రిటర్న్ పైపుని ఒక్క క్షణం నొక్కండి. జర్రున పైకెక్కితే పంపు బాగుంది, రెగ్యులేటరే వదిలేస్తోంది. ఎక్కకపోతే ఫిల్టరు, పంపు చూడండి. ప్రెజర్ ఎక్కువుంటే రిటర్న్ పైపుని రెగ్యులేటర్ దగ్గర విప్పి డబ్బాలోకి వదలండి. మామూలుకొస్తే దోషం రెగ్యులేటర్ది కాదు, రిటర్న్ లైన్ మూసుకుపోయింది.

ఇక ఆఫ్ చేశాక ప్రెజర్ దిగిపోతుంటే: పంపు ఆగిన మరుక్షణం సప్లై పైపు నొక్కితే నిలిచిందా, చెక్ వాల్వ్. రిటర్న్ నొక్కితే నిలిచిందా, రెగ్యులేటర్. రెండూ నొక్కినా దిగుతోందా, ఇంజెక్టర్లు.

రబ్బరు_హోస్:
నొక్కమని తేలిగ్గా రాసేశారు గురువుగారూ. నైలాన్ పైపుని ప్లయర్‌తో నొక్కితే పగులుతుంది. రబ్బరు పైపైతేనే, అదీ నున్నటి దవడలున్న హోస్ క్లాంపుతోనే. రిటర్న్ పూర్తిగా మూస్తే ప్రెజర్ మామూలుకి రెట్టింపు దాటొచ్చు, పాత హోస్ ఊడితే పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. నైలాన్ లైన్లకి మధ్యలో వాల్వున్న అడాప్టర్ వాడాలి. కళ్లద్దాలు, పక్కన అగ్నిమాపక సిలిండర్ లేకుండా ఈ పని మొదలెట్టొద్దు.

ట్యాంకు_లోపల:
మీ చర్చంతా రిటర్న్ ఉన్న బండ్లకే. ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో, ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బైకుల్లో రెగ్యులేటర్ ట్యాంకులో పంపుతోనే కలిసుంటుంది. వాక్యూమ్ పైపే ఉండదు, వాసన చూడ్డానికేముంది? వాటిలో ప్రెజర్ స్థిరంగా ఉండాలి, ఐడిల్లోనూ లోడ్‌లోనూ. కొన్నిట్లో పంపు వేగాన్నే కంట్రోలర్ మారుస్తుంది, అక్కడ సెన్సర్ రీడింగుని గేజ్‌తో పోల్చాలి. డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైల్ డీజిల్ బండ్ల హై ప్రెజర్ వైపు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా ఒక్క నట్టు కూడా వదులు చెయ్యొద్దు. డీజిల్ రైల్లో ప్రెజర్ వెయ్యి బార్ పైకి కూడా వెళ్తుంది, ఆ ధార చర్మం లోపలికి దిగుతుంది. అక్కడ స్కానర్లో కోరిన ప్రెజర్, ఉన్న ప్రెజర్ పోల్చి చూడటమే పద్ధతి.

పానా_పట్టు:
సరే, రిటర్న్ బండి వరకే మాట్లాడతా. పైపులో తడి కళ్లకు కనిపిస్తే పాత పార్టు తీసేయడానికి గేజ్ అక్కర్లేదు. ఇక్కడ మాత్రం తగ్గను.

గేజ్_మాట:
తీసేయడానికి అక్కర్లేదు, కొత్తది బిగించాక కావాలి. 2.5, 3, 3.5 బార్ రెగ్యులేటర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి చక్కగా కూర్చుంటుంది. ఓ-రింగులు కొత్తవి వేసి, పెట్రోల్ రాసి నొక్కండి, పొడిగా తోస్తే తెగుతాయి. డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసనేస్తుంటే ఆయిల్, ఫిల్టర్ మార్చాకే బండి రోడ్డెక్కించండి.