అరబ్బు అంటే ఎవరు? నర్సింగ్ విద్యార్థులకు చెప్పాల్సిన నిర్వచనం గురించి

పటమటలంక:
విజయవాడలో గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లబోయే నర్సింగ్ విద్యార్థులకు గంటన్నర అవగాహన క్లాసు తయారవుతోంది. చేతిలో ఉన్న పాత నోట్సులో మొదటి వాక్యమే "అరబ్బులు అంటే అరబ్ దేశాల్లోని ముస్లింలు" అని ఉంది. ఇరాన్‌నీ టర్కీనీ కూడా అందులోనే కలిపేశారు. తప్పని తెలుస్తోంది గానీ దాని స్థానంలో ఏం రాయాలో తేలడం లేదు. మతం కాదు, రంగు కాదు, దేశమూ ఒక్కటి కాదు. మరి మొరాకో మనిషినీ ఒమన్ మనిషినీ ఒకే మాటతో పిలవడానికి ఆధారం ఏమిటండీ? వార్డులో పనికొచ్చేలా చెప్పగలిగితే మరీ మంచిది.

బ్రాడీపేట 4వ లైను:
ఆ వాక్యం కొట్టేసి ఇలా రాయండి: అరబిక్‌ను తన భాషగా ఎంచి, తాను అరబ్బునని చెప్పుకునే మనిషి అరబ్బు. రెండూ ఉండాలి, ఒకటి సరిపోదు.

మతం ఎందుకు కాదో ముందు చెప్పండి. ప్రపంచ ముస్లింలలో అరబ్బులు ఇంచుమించు ఐదో వంతు. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఇండోనేసియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ అరబ్ దేశాలే కావు. అటు లెబనాన్‌లో 1943 నాటి ఒప్పందం ప్రకారం దేశాధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. అరబ్బులంతా ఒకే జాతి అంటూ పుట్టిన బాత్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన మిషెల్ అఫ్లక్ డమాస్కస్‌లోని ఆర్థడాక్స్ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. అరబిక్‌లో దేవుణ్ణి తలుచుకునే క్రైస్తవుడు కూడా "అల్లా" అనే అంటాడు. ఆ మాట విని మతం నిర్ణయించేస్తే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఇరాన్‌లో ఎక్కువమంది మాట్లాడేది ఫార్సీ. అది హిందీకి దూరపు చుట్టం, అరబిక్‌కు కాదు. టర్కిష్ ఇంకో కుటుంబం. ఫార్సీ రాసేది అరబిక్ లిపిలోంచి వచ్చిన అక్షరాలతో కాబట్టి చూసేవాళ్లకు ఒకటే అనిపిస్తుంది. ఉర్దూదీ ఆ లిపే కదా, గుంటూరులో ఉర్దూ మాట్లాడేవాళ్లను ఎవరైనా అరబ్బులంటారా?

భాష ఒక్కటే చాలదనడానికి మాల్టాను చూపించండి. మాల్టీస్ ఒకప్పటి సిసిలీ అరబిక్‌లోంచి పుట్టిన భాష, ఇప్పుడు రోమన్ అక్షరాలతో రాస్తారు. మాట్లాడేవాళ్లు ఎక్కువగా క్యాథలిక్కులు, తాము అరబ్బులమని చెప్పుకోరు. చెప్పుకోరు కాబట్టి కారు.

మన పిల్లలకు దగ్గరి పోలిక తెలుగే. తెలుగువాడు అన్నాక గుడికి వెళ్తాడా, చర్చికా, మసీదుకా అని అడగం.

కొత్తపేట:
పై పోలిక ఈజిప్టు, సిరియా, లెబనాన్ వరకూ బాగా నప్పుతుంది. గల్ఫ్‌కొచ్చేసరికి సరిపోదు, మీ విద్యార్థులు వెళ్లేదేమో అక్కడికే. సౌదీ, కువైట్, ఖతర్‌లలో భాషతోపాటు వంశానికీ విలువ ఎక్కువ. దక్షిణాది తెగలు కహ్తాన్ నుంచీ, ఉత్తరాది తెగలు అద్నాన్ నుంచీ వచ్చాయని సంప్రదాయం చెబుతుంది. కేస్ షీటులో ఉతైబీ, ముతైరీ, షమ్మరీ, కహ్తానీ అని కనబడితే అవి తెగల పేర్లు. మన ఇంటిపేరు కంటే చాలా పెద్ద గుంపు. ఒకే వార్డులో ముగ్గురు ముతైరీలున్నా చుట్టాలే అనుకోనక్కర్లేదు.

పేరు వరుస కూడా చెప్పండి: సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, చివర్న తెగ లేదా కుటుంబం. మధ్యలో "బిన్" ఉంటే కొడుకు, "బింత్" ఉంటే కూతురు. పెళ్లయినా ఆడవాళ్లు తండ్రి పేరే ఉంచుకుంటారు, అందుకని భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉండొచ్చు. పేరు కలవలేదని "ఈయన ఆవిడ భర్త కాదేమో" అనుకుంటే ఇబ్బంది. గుర్తింపు ఎప్పుడూ ఫైలు నంబరు, పుట్టినతేదీతోనే సరిచూసుకోవాలి. ముహమ్మద్ అని పిలిస్తే నలుగురు పలుకుతారు.

పెద్దావిడను "ఉమ్ ఖాలిద్" అంటే ఖాలిద్ వాళ్లమ్మ అని. మన ఊళ్లలో "శీనుగాడి వాళ్లమ్మ" అన్నట్టే, కాకపోతే అక్కడ అది గౌరవం. పెద్ద కొడుకు పేరు తెలుసుకుని అలా పిలవమనండి.

సత్తెనపల్లి రోడ్డు:
ఒక చరిత్ర ముక్క లేకపోతే "ఇంతమంది అరబ్బులు ఎలా అయ్యారు" అన్నదానికి జవాబుండదు. క్రీ.పూ. 853 నాటి కర్కర్ యుద్ధం గురించిన అస్సీరియా శాసనంలో గిందిబు అనే అరబ్బు 1000 ఒంటెలతో వచ్చాడని ఉంది. అప్పుడు ఆ మాట ఎడారి ఒంటెలవాళ్లదే. 7వ శతాబ్దం తర్వాత సంగతి మారింది. ఈజిప్టులో కాప్టిక్, సిరియా ఇరాక్‌లలో అరమాయిక్, పశ్చిమాన ఉత్తర ఆఫ్రికాలో అమజిగ్ (బెర్బర్) భాషలు మాట్లాడేవారు. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలం నుంచి సర్కారు లెక్కల పుస్తకాలు గ్రీకు, పహ్లవీ (ఒకప్పటి పర్షియా భాష) వదిలి అరబిక్‌లోకి మారాయి. కొలువు కావాలంటే ఆ భాష రావాల్సిందే. అంటే ఇప్పటి కైరో మనిషి పూర్వీకులంతా ఎడారినుంచి రాలేదు, ఉన్నచోటనే తరాలు గడిచేకొద్దీ అరబ్బులయ్యారు. రక్తం లెక్క ఇక్కడే విరుగుతుంది.

"అరబ్బులమంతా ఒక జాతి" అన్న రాజకీయ భావం 19, 20 శతాబ్దాలది, ఉస్మానియా (టర్కీ ఆటోమన్) పాలన చివరి రోజులది. అరబ్ లీగ్ 1945 మార్చి 22న కైరోలో పుట్టింది. ఇప్పుడు 22 సభ్యదేశాలు. అయితే సభ్యత్వం చూసి మనుషుల్ని లెక్కేయకూడదు. 1974లో చేరిన సోమాలియా జనం ఇంట్లో మాట్లాడేది సోమాలీ. ఇరాక్ 2005 రాజ్యాంగంలో అక్కడి కుర్దుల భాష కుర్దిష్ కూడా అధికార భాషే. అమజిగ్ భాషకు మొరాకో 2011లో, అల్జీరియా 2016లో అధికార హోదా ఇచ్చాయి. 2022 ప్రపంచకప్‌లో మొరాకో సెమీఫైనల్‌కు చేరినప్పుడు ఇది అరబ్ జట్టా, ఆఫ్రికా జట్టా, అమజిగ్ జట్టా అని పెద్ద చర్చే నడిచింది. ఒక్కో ఆటగాడు ఒక్కటే కానక్కర్లేదు.

క్లాసులో రాయాల్సిన మాట ఇది: అరబ్ దేశపు పౌరుడు, అరబ్బు, ఒకటి కాదు. కుర్దు రోగిని "మీ అరబ్బులు" అంటే నొచ్చుకుంటాడు.

పటమటలంక:
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. హైదరాబాద్ బార్కస్‌లో ఉన్న యెమెన్ మూలాలవాళ్లను ఏమనాలి? ఇక క్లాసులో ఏ దేశపు అరబిక్ నేర్పాలి?

కొత్తపేట:
బార్కస్ వాళ్ల పెద్దలు నిజాం సైన్యంలోకి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చారు. ఇప్పుడు ఇంట్లో ఎక్కువగా ఉర్దూ, వంశం గుర్తు మాత్రం పోలేదు. భాషతో కొలిస్తే కారు, వంశంతో కొలిస్తే అవును. రెండు కొలతలూ నిజంగానే వాడుకలో ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

బ్రాడీపేట 4వ లైను:
భాష సంగతి. రాసేదీ వార్తల్లో వినేదీ ఫుస్హా, ఇంట్లో మాట్లాడేది ఆమ్మియా. గిడుగు వారు పోరాడిన గ్రాంథికం, వ్యావహారికం తేడా తలుచుకోండి, దానికంటే ఎడం ఎక్కువ. "ఇప్పుడు" అనడానికి కైరోలో దిల్వక్తి, బీరూట్‌లో హల్లా, గల్ఫ్‌లో అల్‌హీన్, మొరాకోలో దబా. కువైట్‌లో కోడిని దజాజ్ అనకుండా దియాయ్ అంటారు. ఈజిప్టు సినిమాలూ పాటలూ అంతటా చేరాయి గనుక కైరో మాట చాలామందికి అర్థమవుతుంది, మొరాకో మాట మాత్రం గల్ఫ్ అరబ్బులకు కూడా కష్టం. ఇంత తేడా ఉన్నా అందరూ పైన ఒకే ఫుస్హాను తమదనుకుంటారు, కలిపి ఉంచేది అదే.

మీవాళ్లకు గల్ఫ్ మాటే నేర్పండి. నొప్పి ఎక్కడ అని "వేన్ అల్‌వజా" అంటే గల్ఫ్‌లోనూ సిరియా వైపూ తెలుస్తుంది, ఈజిప్టు రోగి అయితే "వేన్" బదులు "ఫేన్" అంటాడు. అంకెలకు పది నిమిషాలు కేటాయించండి. అక్కడి ఐదు మన సున్నాలా గుండ్రంగా, సున్నా ఒక చుక్కలా ఉంటుంది. 50 అని రాసింది చూసి సున్నా అనుకునే ప్రమాదం ఉంది. పైగా 25ను నోటితో "ఐదూ ఇరవై" వరుసలో చెబుతారు. విన్న వరుసలో రాస్తే 52 అవుతుంది, అందుకని డోసు, గది నంబరు తిరిగి చెప్పించుకోవాలి.

సత్తెనపల్లి రోడ్డు:
నోట్సులో సముద్రాన్ని ఉత్త "గల్ఫ్" అనే రాయండి. అరబ్బులు అరబ్ గల్ఫ్ అంటారు, ఇరానీయులు పర్షియన్ గల్ఫ్ అంటారు, ఇద్దరికీ పట్టింపే. అలాగే "అరబిక్ ప్రజలు" అని ఎక్కడైనా ఉంటే మార్చండి. అరబిక్ అన్నది భాష పేరు, మనిషికి అరబ్బు.