బావమరిది పేరు రాయలేదు, క్లియరెన్స్‌కి ఇబ్బంది అవుతుందా?

మా ఆయన అమెరికన్ సిటిజన్, వర్జీనియాలో డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం. సీక్రెట్ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి) కోసం ఎస్ఎఫ్-86 అనే ఫారం నింపినప్పుడు, బంధువుల వివరాలు అడిగే సెక్షన్ 18లో గుంటూరులో ఉన్న మా అమ్మానాన్నల వివరాలన్నీ ఇచ్చారు. ఆ సెక్షన్ బావమరిది గురించి అడగదు కాబట్టి మా తమ్ముడి పేరు రాయలేదు. కానీ సెక్షన్ 19లో భార్యకి దగ్గరివాళ్ళైన విదేశీయుల్ని కూడా చెప్పాలట! వాడేమో హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ రక్షణ ల్యాబ్‌లో పనిచేస్తాడు, ప్రతి ఆదివారం మాతో వీడియో కాల్‌లో ఉంటాడు.

విదేశంలో బంధువు ఉండటం సంగతి ఎలా ఉన్నా, కావాలని దాచారనుకుంటారేమోనని నాకు టెన్షన్. వాళ్ళు నిలదీయకముందే మనంతట మనం వెంటనే సరిదిద్దితే గైడ్‌లైన్ ఇ (క్లియరెన్స్ ఇచ్చేముందు మనిషి నిజాయితీ, ప్రవర్తన చూసే నిబంధన) కింద అది అనుకూలాంశమని చదివాను. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. ఇప్పుడే కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి రాసి ఇవ్వాలా, ఇన్వెస్టిగేటర్ పిలిచేదాకా ఆగాలా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్ళు దయచేసి చెప్పండి.