సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చేవారికి ప్రభుత్వ గుర్తింపు అడగాలా?

కౌండిన్య తీరం, పలమనేరు:
పన్నెండేళ్లుగా రాత్రిపూట లిబ్రెఆఫీస్ (ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) మెనూలను తెలుగులోకి మారుస్తున్నాను. మొన్న చిత్తూరులో ఒక కార్యాలయానికి వెళ్లి, దీన్ని మీ కంప్యూటర్లలో పెట్టుకోండి, డబ్బు కట్టనక్కరలేదు, నేనే వచ్చి నేర్పిస్తాను అని అర్జీ ఇచ్చాను. "మీది ఏ సంస్థ? సీలు ఎక్కడ?" అన్నారు. సీలు లేదని అర్జీ తిరిగి చేతిలో పెట్టారు. 1966 చట్టంతో తెలుగు మన అధికార భాష అయింది. ఆ భాషలో పనిముట్టు తయారుచేసిన వారికి గుర్తింపు పత్రం ఇవ్వాలని అందరం కలిసి వినతిపత్రం ఇద్దామా?

పుత్తూరు మాస్టారు:
గుర్తింపు సంగతి తర్వాత. ముందు మెనూల్లో 'ఫైలు'కు బదులు పెట్టిన 'దస్త్రం' తీసేయండి. మా పదో తరగతి పిల్లలకు చూపించాను. దస్త్రం అంటే దస్తూరీనా అని ఒక అమ్మాయి అడిగింది. మిగతావాళ్లు ఇంగ్లీషు మెనూ పెట్టమన్నారు. ఫైలు అంటే తాలూకా కచేరీ బంట్రోతుకూ తెలుసు.

బైరాగిపట్టెడ:
నా ఓటూ ఫైలుకే.

కౌండిన్య తీరం:
మాస్టారూ, దస్త్రం మన కచేరీల్లో తరతరాలుగా ఉన్న మాట. అయినా నేను అడిగింది గుర్తింపు గురించి.

విశ్వవిద్యాలయ విద్యార్థి, తిరుపతి:
2015లో కేంద్రం ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) విధానం ప్రకటించింది కదా అక్కా, అది చూపించలేదా?

కౌండిన్య తీరం:
చూపించాను తమ్ముడూ. అది కేంద్ర శాఖలు ఎలాంటి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలో చెబుతుంది. రాష్ట్రాలు ఇష్టముంటే పాటించవచ్చు.

పుత్తూరు మాస్టారు:
దస్త్రం సంగతి దాటవేస్తున్నారు. రేపు సీలు వస్తే మీరు పెట్టిన మాటే ప్రభుత్వ మాట అవుతుంది. అప్పుడు మా పిల్లల గోడు ఎవరు వింటారు?

కౌండిన్య తీరం:
ఒక్క వాక్యమైనా అనువదించనివారు తప్పులు పట్టడం తేలిక.

పుత్తూరు మాస్టారు:
ఒక్క వాక్యమా? 2020లో బడులు మూసి ఉన్నప్పుడు మరో సాఫ్ట్‌వేర్‌కు 400 స్ట్రింగులు, అంటే తెరమీద కనిపించే మాటల ముక్కలు, తెలుగు చేశానమ్మా. ఆమోదించే హక్కు ఉన్నవారు ఒప్పుకుంటేనే అవి విడుదలలోకి వెళతాయి. ఈనాటికీ అన్నీ 'సూచన' అనే ఉన్నాయి. బాగాలేవని అన్నా దిద్దుకునేవాడిని. నా పని చూడనివారికి ప్రభుత్వం పత్రం ఇవ్వాలని నేను సంతకం పెట్టాలా?

బైరాగిపట్టెడ:
ఇదా అసలు సంగతి.

కౌండిన్య తీరం:
ఆ మాట అన్నందుకు మన్నించండి మాస్టారూ. మా దగ్గర ఆమోదించే హక్కు ఉన్నది ఇద్దరికి. అందులో నేనొకదాన్ని. మాకూ సూచనలు గుట్టగా పడి ఉన్నాయి. ఇద్దరికీ పగలు ఉద్యోగాలు, రాత్రి ఇంటి పని. చదివి దిద్దే పనికి కళాశాలల్లో మార్కులో, ఉద్యోగాల్లో లెక్కించే పత్రమో ఉంటే చేతులు పెరుగుతాయి. గుర్తింపు అడిగేది అందుకే.

పుత్తూరు మాస్టారు:
మొదటి సందేశంలో ఇది లేదు. మీ అర్జీ వెనక్కి రావడమే ఉంది.

కౌండిన్య తీరం:
ఏమి రాస్తే సంతకం పెడతారు?

పుత్తూరు మాస్టారు:
సూచన పంపినవారికి 30 రోజుల్లో జవాబు రావాలి. కాదంటే ఎందుకు కాదో ఒక వాక్యం రాయాలి. ప్రభుత్వాన్ని అడిగే ముందు అది మీ ఇద్దరూ ఒప్పుకోవాలి.

కౌండిన్య తీరం:
ఆదివారం నుంచి పాతవి తీస్తాను. 30 రోజులని ఇప్పుడే మాట ఇవ్వలేను.

పుత్తూరు మాస్టారు:
అయితే నా సంతకమూ ఇప్పుడే ఇవ్వను.