మార్షల్ గీసిన పటం ఆ కొండలకు మేలు చేసిందా, కీడు చేసిందా?

కొండదారి: అలాస్కాలో బ్రూక్స్ పర్వతాల నడుమ కొయుకుక్ నది ఎగువ భాగం 1929 నాటికి పటాల మీద చాలావరకు ఖాళీ. అమెరికా అటవీ నిపుణుడు బాబ్ మార్షల్ అక్కడి వాగులన్నీ తిరిగి పటం గీశాడు, నూటికి పైగా పేర్లు పెట్టాడు. 1938లో ఆయనే, యూకాన్ నదికి ఉత్తరాన ప్రభుత్వ సొమ్ముతో రోడ్లు వేయొద్దన్నాడు. అడవి అడవిలాగే ఉండాలనుకునేవాడు పటం ఎందుకు గీయాలి? పటం ఉంటే దారి ఎంతసేపు? ఆయన మకాం పెట్టిన వైజ్‌మన్ ఊరి దాపునుంచే 1974లో చమురు పైపులైను రోడ్డు పోయింది.

గొలుసుకొలత: ఆ రోడ్డు పాపం మార్షల్‌కు చుట్టకండి. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బేలో చమురు పడింది, రోడ్డు వచ్చింది. చమురు కోసమే అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు 1923 నుంచి ఆ ఉత్తరపు వాలంతా తిరిగారు. కొయుకుక్ పాయ నార్త్ ఫోర్క్‌కు అటు ఫ్రిజిడ్ క్రాగ్స్, ఇటు బోరియల్ మౌంటెన్ అనే కొండలు ద్వారబంధంలా నిలబడితే ‘గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్’ (ఆర్కిటిక్ ద్వారాలు) అన్నది మార్షలే. 1980లో వచ్చిన నేషనల్ పార్కుకు ఆ పేరే పెట్టారు. పేరు కూడా లేని చోటు కోసం ఎవరు కొట్లాడతారండీ?

ఏటిగట్టు: పేరు లేకపోవడమేంటి? కారిబూ (ఉత్తరాది దుప్పి) మందల వెంట తిరిగే అక్కడి ఆదివాసులు నునామియుట్లు ఆ కనుమలను పేర్లతోనే పిలుచుకున్నారు. ఖాళీ కాగితానిదే. అలాంటి చోట ఒక వాగుకు బంగారం వెతుక్కుంటూ వచ్చిన ఎర్నీ జాన్సన్ పేరు పెట్టేశారు.

గొలుసుకొలత: నిజమే. కానీ తనతో నడిచిన ఇనూపియాట్ ఆదివాసి నుటిర్విక్ పేరు కూడా ఒక వాగుకు పెట్టాడు కదా.

టోపోషీటు: సర్వే పనిలో ఉన్నవాణ్ని, నా మాట కూడా వినండి. డూనెరాక్ శిఖరం పదివేల అడుగులు దాటుతుందని మార్షల్ అంచనా. కొలిస్తే 7,457. రెండేళ్లు ఎక్కబోయి వెనుదిరిగాడు, 1939లో 38 ఏళ్లకే పోయాడు. ఆ తప్పుకు ఆయన్ని నేను అనను. 1950ల్లో విమానం ఫొటోలతో చేసిన పటాల షీట్లే ఒక స్కేలులో చాంబర్లిన్ శిఖరాన్ని, మరో స్కేలులో ఇస్టో శిఖరాన్ని బ్రూక్స్ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తైనదిగా చూపాయి. ఇస్టోయే పెద్దదని 2014 కొలతలతో గానీ తేలలేదు. ఎత్తు తప్పితే తర్వాతి సర్వే దిద్దుతుంది. పేరు అలా కాదు, ఒకసారి అచ్చయితే పాత షీటులోంచి కొత్త షీటులోకి దిగిపోతూనే ఉంటుంది. పటం గీసినందుకు మార్షల్‌కు దండం పెడతాను. పేర్ల దగ్గర మాత్రం ఏటిగట్టు గారిదే న్యాయం.

కొండదారి: అయితే గీయకూడదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎర్నీ క్రీక్ పక్కనే నునామియుట్ల పేరు కూడా అచ్చేయాలి, అదే ఇప్పుడు నా పట్టు.