ఎలుక గుండె బలం తగ్గిందని పీడనం ఒక్కటే చూసి చెప్పవచ్చునా?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, అమలాపురం:

నమస్కారమండీ. మా కళాశాలలో జంతు నైతిక సంఘం అనుమతితో విస్టార్ అనే ప్రయోగశాల రకం ఎలుకలపై ఒక మొక్క సారాన్ని పరీక్షిస్తున్నాము. కీటమిన్, జైలజిన్ కలిపి మత్తు ఇచ్చి, మెడలోని కుడి కెరోటిడ్ ధమని గుండా సెలైన్ నింపిన సన్నని గొట్టాన్ని ఎడమ జఠరికలోకి, అంటే గుండె ఎడమ కింది గదిలోకి, పంపి పీడనాన్ని నమోదు చేస్తున్నాము. సారం ఇచ్చిన ఎలుకల్లో పీడనం పెరిగే గరిష్ఠ వేగం, అంటే డీపీ-డీటీ మాక్స్, తగ్గింది. రక్తపోటు కూడా తగ్గింది. సారం గుండె కండరాన్ని బలహీనపరుస్తున్నదని థీసిస్‌లో రాయమని మా గైడ్ గారు అంటున్నారు. అలా రాయవచ్చునా?

ఫిజియాలజీ అధ్యాపకుడు, కాకినాడ:

ఇప్పుడే రాయకమ్మా. డీపీ-డీటీ మాక్స్ కండరం బలంతో పాటు, గుండెలో ముందుగా ఎంత రక్తం నిండిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మీ సారం రక్తనాళాలను వదులు చేసి, గుండెకు తిరిగి వచ్చే రక్తాన్ని తగ్గించి ఉంటే, కండరం చెక్కుచెదరకపోయినా ఆ సంఖ్య పడిపోతుంది. కాలువలో నీటిమట్టం తగ్గినప్పుడు పంపు తక్కువ నీరు తోడితే మోటారు చెడిపోయిందని మన రైతులెవరూ అనరు కదా.

ఈ చిక్కుకు దారి చూపినది 1970వ దశకంలో సుగా, సగావా అనే శాస్త్రవేత్తలు కుక్కల గుండెలపై చేసిన పని. పీడనాన్ని, జఠరిక ఘనపరిమాణాన్ని ఒకేసారి కొలిచి గీస్తే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక వలయం వస్తుంది. శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే అధో మహాసిరను కొన్ని క్షణాలు నొక్కి ఉంచితే రక్తం తగ్గుతూ వలయాలు ఒక్కొక్కటిగా ఎడమకు జరుగుతాయి. వాటి పై ఎడమ మూలలను కలిపే గీత వాలు కండరం బలాన్ని చెబుతుంది, నిండిన రక్తం మారినా ఆ వాలు పెద్దగా మారదు. నొక్కిన సమయంలో శ్వాసయంత్రాన్ని ఆపకపోతే వలయాలు ఊగిసలాడి గీత పాడవుతుంది.

పరిశోధకుడు, స్వస్థలం భీమవరం:

అంతకన్నా ముందు మీ గొట్టాన్ని అనుమానించండి. ఎలుక గుండె నిమిషానికి 300 నుంచి 400 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదారు సార్లు. దాని పీడన రేఖలోని నిటారు భాగాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే ఆ వేగానికి పదిరెట్లకు పైగా స్పందించగల పరికరం కావాలి. పొడవాటి మెత్తని గొట్టానికి ఆ శక్తి ఉండదు, అందులో గుండుసూది తలంత గాలి బుడగ చేరినా రేఖ మొద్దుబారుతుంది. అప్పుడు తగ్గింది ఎలుక గుండె బలమో మీ గొట్టం చురుకుదనమో తేలదు. కొనలోనే సెన్సర్ ఉన్న కాథెటర్ (సన్నని గొట్టం) అందుకే వాడతారు. నమోదు వేగం కూడా సెకనుకు కనీసం 1000 రీడింగులు ఉండాలి.

మత్తు సంగతి వేరే చెప్పాలి. జైలజిన్ గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది, శరీరం చల్లబడితే వేగం ఇంకా పడిపోతుంది. మలద్వార ఉష్ణోగ్రతను 37 డిగ్రీల దగ్గర నిలపకుండా రెండు సమూహాలను పోల్చడం వృథా.

ఎం.ఫార్మసీ విద్యార్థిని, అమలాపురం:

కృతజ్ఞతలండీ. వలయాలు గీసే కాథెటర్ మా దగ్గర లేదు, ఇప్పట్లో కొనే ఆశ కూడా లేదు. ఉన్న వనరులతో ఏమైనా చేయవచ్చునా?

ఫిజియాలజీ అధ్యాపకుడు, కాకినాడ:

లాంగెన్‌డార్ఫ్ అమరిక ఎక్కడైనా దొరికితే ప్రయత్నించు. 1895 నాటి పద్ధతే అయినా నీ ప్రశ్నకు సూటిగా సమాధానం ఇచ్చేది అదే. గుండెను వేరు చేసి, బృహద్ధమని గుండా 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణాన్ని (రక్తానికి బదులు వాడే లవణాల నీటిని) 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో వెనుకకు పంపి, జఠరికలో చిన్న బెలూన్ పెట్టి, విరామ పీడనాన్ని, అంటే గుండె సడలినప్పటి పీడనాన్ని, 5 నుంచి 10 మి.మీ. పాదరసం మధ్య స్థిరపరచి, గుండెను ఒకే వేగంతో నడిపిస్తే నిండే రక్తం, రక్తపోటు, నాడుల ప్రభావం అన్నీ పక్కకు తప్పుకుంటాయి. అప్పటికీ సారం వల్ల బెలూన్ పీడనం తగ్గితే గైడ్ గారి వాక్యం నిలబడుతుంది.

అది కుదరకపోతే ‘మత్తులో ఉన్న ఎలుకల్లో సారం రక్తపోటును, డీపీ-డీటీ మాక్స్‌ను తగ్గించింది’ అని మాత్రమే రాయి. పరీక్షకులు దానిని తప్పు పట్టలేరు.